ఈతగాడికి నేను పెట్టిన పథ్యం

నా మందు తిని బాగుపడినవాళ్ళ సంగతులు చెప్పమంటే ఈ వయసులో కూడా పూటల తరబడి చెప్పగలను. వైద్యుడన్నవాడెవడైనా చెప్పగలడు, అదేం గొప్ప కాదు. నా వైద్యం వల్ల చెడిపోయినవాడి సంగతి ఒకటుంది. అది మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇక అది నా ఒక్కడి దగ్గరే మిగిలింది గనక రాసి పెడుతున్నాను.

ధవళేశ్వరంలో ఆనకట్ట పని సాగుతున్న రోజులవి. నాకు ముప్పై ఏళ్ళుంటాయి. రాజోలుకి దిగువన, వశిష్ఠ పాయ గట్టుకి కూతవేటు దూరంలో మా ఇల్లు. మా నాన్నగారు కాలం చేసి అప్పటికి రెండేళ్ళు. ఊరివాళ్ళు నా అరుగు మీద కూర్చుని, నా చేతికే నాడి ఇచ్చి, "మీ నాన్నగారైతేనా అండీ" అని మొదలుపెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన పేరు మరిచిపోయేలా ఏదో ఒకటి చేసి చూపించాలని లోలోపల ఒకటే యావ. ఆ యావ లేకపోతే ఈ కథే లేదు.

మా ఊరికి దిగువన చేపలు పట్టేవాళ్ళ పాలెం ఉంది. అవతలి గట్టున అలాంటిదే ఇంకొకటి. రెండింటికీ నడుమ ఏట్లో ఒక ఇసుకదిబ్బ. దాని చుట్టూ చేప విరగబడి పడేది. ఏడాదిపాటు ఆ దిబ్బ దగ్గర ఎవరు వల కట్టాలో ఏటా ఈత పందెంతో తేల్చుకునేవారు. తలలు బద్దలు కొట్టుకోవడం కన్నా ఇది నయమని వాళ్ళ పెద్దలెవరో చేసిన ఏర్పాటు. దసరా వెళ్ళి, వరద తీసి, ఎర్రనీరు కాస్త తేరుకున్నాక, ఒక్కో గట్టు నుంచి ఒక్కొక్కడు ఒకే వేళకి ఏట్లో దిగాలి. ఎదుటి గట్టుకి పోయి, అక్కడి రెల్లు గుప్పెడు పీకి, పళ్ళతో కరుచుకుని తిరిగి తన గట్టుకి రావాలి. ఎవడు ముందొస్తే ఆ ఏడు వాళ్ళది దిబ్బ. దిబ్బ ఉన్నవాళ్ళు రెండు పూటలా తినేవారు. లేనివాళ్ళు ఒక పూట.

మా గట్టు ఈతగాడు వరసగా మూడేళ్ళు గెలిచాడు. పాతికేళ్ళవాడు. తండ్రి లేడు, తల్లి ఉంది. అతన్ని పాలెమంతా కలిసి మేపేది. మేపడం అన్నది వాళ్ళ మాటే. ఒకరింట్లో కోడి గుడ్డు పెడితే అది వాడిది. వలలో మంచి చేప పడితే తలకాయ, నడిమి ముక్క వాడివి. తెల్లవారుతూనే తల్లి తరవాణి కుండలోంచి చద్దన్నం తీసి, నిన్నటి చేపల పులుసు పోసి పెట్టేది. వాడు ఏరు ఈది వచ్చేసరికి పక్కింటివాళ్ళ చోడి జావ, ఆ పక్కవాళ్ళ కొబ్బరీ తాటిబెల్లమూ సిద్ధంగా ఉండేవి. మధ్యాహ్నం తవ్వెడు బియ్యం ఒక్కడికే వండేవారు. సాయంత్రం ఈత లేకపోయినా ఇంకో తవ్వెడు. ఎవరి వంతు ఏ రోజో ఆడవాళ్ళకి నోటికి వచ్చు. తమ పిల్లలకి తక్కువైనా వాడికి తక్కువ చేసేవారు కాదు. ఈ సంగతులన్నీ నేను అప్పుడే అడిగి తెలుసుకోవలసింది. తెలుసుకున్నది తరవాత.

వినాయకచవితి వెళ్ళిన నాలుగు రోజులకి ఆ తల్లి కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"అయ్యగారండీ, మా వోడికి తిన్నది ఒంటికి పట్టట్లేదండి. ఈ యేడు అవతలోళ్ళు కొత్తోణ్ణెవణ్ణో దింపుతున్నారంటండి. అందుకని ఈడు పొద్దున్నోసారి, సందేళోసారి ఏరు ఈదేత్తున్నాడు. తిండికేం, మునపటికన్నా ఎక్కువే తింటున్నాడు. అయినా చూడండి, డొక్కలెలా బయటికొచ్చేసేయో. తిన్నది ఒంటికి పట్టేలాగ ఏదైనా మందిప్పించండి."

జబ్బేమిటో, కారణమేమిటో, ఏం చెయ్యాలో అన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి. రెండు పూటలా ఈదుతున్నాడు, అంచేత ఇంకా పెట్టాలి. చేపలమ్ముకునే ఆవిడకి సగం తెలిసింది నాకు బొత్తిగా తెలీలేదు.

నేను వాణ్ణి ఏమేం తింటావురా అని అడిగాను. వాడు సిగ్గుపడుతూ, నేల చూపులు చూస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. వింటున్నకొద్దీ నాకు లోపల సంబరం పుట్టుకొచ్చింది. భస్మకం! తిన్నదాన్నంతా కడుపులో మంట బూడిద చేసేసే జబ్బు. ఎంత తిన్నా ఆకలి తీరదు, ఒళ్ళు చెయ్యదు. తాటాకుల్లో చదవడమే గాని కళ్ళారా చూడలేదని మా నాన్నగారు చెప్పిన జబ్బు. ఆయన నలభై ఏళ్ళలో చూడనిది నాకు రెండేళ్ళకే నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నాడి పట్టుకున్నాను. మంచి బలమైన నాడి, తాపీగా, నిండుగా కొట్టుకుంటోంది. అది కూడా జబ్బు లక్షణమే అనుకున్నాను. అనుకోదలిస్తే ఏదైనా అనుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. భస్మకానికి ఏం చెయ్యాలో ఆ తాటాకుల్లోనే ఉంది. గేదెపాలు, నెయ్యి, పాయసం, మాంసం, ఇలాంటి బరువైన తిండి మళ్ళీ మళ్ళీ పెట్టి ఆ మంటని చల్లార్చాలని ఉంది. నేను అది చదివాను. చదివి నవ్వుకున్నాను. ఇది మహారాజులకి రాసిన వైద్యం, చేపలు పట్టేవాడికి నేతి పాయసమా అనుకున్నాను. కట్టె తీసేస్తే పొయ్యి అదే ఆరుతుంది, వీడికి తిండి తగ్గిస్తే చాలని నా సొంత తెలివి ఉపయోగించాను. గ్రంథం తెలీక తప్పు చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు. ఉన్నది ఉన్నట్టు చేసినా వాడు చెడిపోయేవాడు కాదు.

మండలం, అంటే నలభై రోజులు, పథ్యం పెట్టాను. పూటకి అరసోలెడు, అంటే తవ్వలో నాలుగోవంతు బియ్యపు అన్నం, పెసరకట్టు. అంతే. చేప లేదు, గుడ్డు లేదు, కొబ్బరి లేదు, నూనె చుక్క తగలకూడదు, తరవాణి పేరే ఎత్తకూడదు. పొద్దునా సాయంత్రం నేనిచ్చిన చూర్ణం. మందు ఒంట్లో ఉండగా పథ్యం తప్పితే ఆ మందే విషమవుతుందని కళ్ళెర్రజేసి మరీ చెప్పాను.

"ఆయ్" అని తలూపాడు వాడు. తల్లి "మరి పందెమండీ?" అంది.

"జబ్బు తగ్గితే పందెం దానంతటదే గెలుస్తాడు, పో" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక నూతి దగ్గర స్నానం చేసి లోపలికి వచ్చాను. వాళ్ళ నాడి చూస్తే స్నానం చెయ్యందే ఇంట్లో అడుగుపెట్టేవాణ్ణి కాదు. మా ఆవిడ తలుపు వెనకనుంచి అంతా విన్నట్టుంది.

"ఏవండీ, ఆ మనిషి జబ్బు మనిషిలా లేడండీ. మా పుట్టింట్లో కోతల రోజుల్లో కూలివాళ్ళు ఇంతింత ముద్దలు తినేవారు. వాళ్ళందరికీ భస్మకమేనా?"

"వంటింటి వైద్యం వంటింట్లోనే ఉంచుకో" అన్నాను.

పది రోజులకి వాడొచ్చి ఆకలి కొంచెం తగ్గిందండీ అన్నాడు. నాకు పట్టపగ్గాల్లేవు. రాజోలు వెళ్ళి, తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ ఆపి, భస్మకాన్ని ఎలా పట్టుకున్నానో ఎలా దింపుతున్నానో చెప్పాను. అక్కడి నుంచి అమలాపురం దాకా పాకింది ఆ మాట. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆకలి తగ్గడమేమిటో తెలుస్తోంది. ఎంత అడిగినా పెట్టనివాణ్ణి కడుపు మాత్రం ఎన్నాళ్ళని అడుగుతుంది?

వాడు దొంగతిండి తినే మనిషైనా బాగుండేది. నేను చాలామంది రోగుల్ని చూశాను, పథ్యమని చెబితే ఆయ్ అని తలూపి, ఇంటికెళ్ళి ఆవకాయ నంజుకునేవాళ్ళే నూటికి తొంభైమంది. వైద్యులం మేం దానికి సరిపడా ఒక పిసరు ఎక్కువే చెబుతాం. వీడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. తల్లి ఎండుచేపల బుట్ట తీసుకెళ్ళి వేరే ఇంట్లో దాచింది, వాసనకి వాడి మనసు పోతుందని. పాలెంలో ఆడవాళ్ళు వంతులు మానేశారు. మూడేళ్ళు పెట్టి గెలిపించుకున్న తిండి అది. నా ఒక్క మాటకి పక్కన పెట్టేశారు. నామీద వాళ్ళకున్న గురి అటువంటిది.

ఇరవై రోజులు దాటాక మళ్ళీ వచ్చాడు. మెట్టెక్కబోయి స్తంభం పట్టుకున్నాడు.

"ఏట్లో దిగితే ఒణుకొచ్చేత్తందండి. ఇదివరకు నేను అవతలి గట్టు ముట్టుకుని వచ్చేసరికి మాయమ్మ పొయ్యిమీద ఎసరు మరిగేదండి. ఇప్పుడు అన్నం వార్చేత్తందండి."

నాడి పట్టుకున్నాను. సన్నగా, తడబడుతూ కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడి ఉన్నాయి. ఆ క్షణాన నాకు తెలిసింది. తెలీలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను గాని, తెలిసింది. వాడికి జబ్బు లేదు, నేనే తెచ్చిపెట్టాను. ఆ పూటే కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టించి పథ్యం విడవమంటే సరిపోయేది. కాని రాజోలంతా చాటుకున్నాను. తెల్లారితే ఎవడో ఒకడు అరుగు మీద కూర్చుని "మీ నాన్నగారైతేనా" అంటాడు.

"వేడి దిగుతోందిరా, అందుకే వణుకు. మండలం పూర్తయ్యేదాకా కదలకు" అన్నాను.

"ఆయ్" అన్నాడు.

పందెం రోజుకి మండలం ఇంకా రెండు రోజులుంది. గట్టు మీద నాకు పీట వేసి, తాటాకు గొడుగు పట్టారు. వరద తీసింది గాని నీరు వేగంగానే ఉంది. పాలెం ఆడవాళ్ళు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి ఈతగాడికి ప్రసాదం ఇవ్వడం ఆచారం. తల్లి కొబ్బరిచెక్క పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. వాడు తీసుకుని, కళ్ళకద్దుకుని, తిన్నగా నా వంక చూశాడు. అంతమంది జనం మధ్యలోంచి ఒక్క నన్నే. నేను తల అడ్డంగా ఊపాను. వాడు ఒక ముక్క విరిచి నడుం గుడ్డలో దోపుకుని నీళ్ళలోకి దిగాడు.

డప్పు కొట్టారు. అవతలినుంచి వాడూ, ఇవతలినుంచి వీడూ. సగం ఏటిదాకా మనవాడే ముందున్నాడు. వీడి చేతిలో ఉన్న పనితనం అలాంటిది, ఖాళీ కడుపుతో కూడా నీళ్ళని కోసుకుంటూ పోయాడు. అవతలి గట్టు ఎక్కాడు. అక్కడ వంగి రెల్లు పీకడం కనిపించింది గాని మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది. అవతలివాడు మా గట్టుకి వచ్చి, రెల్లు కరుచుకుని, వెనుదిరిగి సగం దూరం పోయాక గాని వీడు నీళ్ళలోకి దిగలేదు. ఈసారి చేతులు సాగలేదు. అప్పుడే నీరు పాటు తీస్తోంది, సముద్రం వైపు లాగుతోంది. చూస్తూండగానే వీడు మా గట్టు వైపు రావడం మాని అంతర్వేది వైపు కొట్టుకుపోసాగాడు. తల మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. తల్లి నీళ్ళలోకి పరుగెత్తింది, నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని ఆపారు. నావలు తోశారు.

చాలా దిగువన దొరికాడు. ఒళ్ళు మంచు ముద్ద. ఊపిరి ఉందో లేదో తెలీకుండా ఉంది. రెల్లు మాత్రం పళ్ళ మధ్య అలాగే ఉంది. దవడలు విడదీసి దాన్ని తియ్యడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

బతికాడు. మా ఆవిడ నన్ను అడక్కుండా పాలు పోసి, బెల్లం వేసి జావ కాచి, చెంబుతో మనిషి చేత రోజూ పాలెం పంపింది. నేను చూసి చూడనట్టున్నాను. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయిందేమో, దగ్గు మాత్రం పట్టుకుని వదల్లేదు. మళ్ళీ పందానికి దిగలేదు. దిబ్బ అవతలివాళ్ళకి పోయింది. ఆ ఏడు పాలెంలో పొయ్యిలు ఒక పూటే వెలిగాయి. ఏ పిల్లల నోటి దగ్గరి గుడ్డు తీసి వాడికి పెట్టారో, ఆ పిల్లలే పస్తులున్నారు.

వాడు లేచి తిరగగలిగిన రోజున తల్లితో కలిసి మా ఇంటికి వచ్చాడు. నా మీద దుమ్మెత్తి పోస్తారనుకున్నాను. అలా చేసినా బాగుండేది, గుండెల్లో భారం దిగేది.

"తప్పయిపోయిందండి అయ్యగారండీ" అన్నాడు. "అవతలి గట్టెక్కేసరికి కాళ్ళు ఆడలేదండి. కళ్ళు చీకట్లు కమ్మేయండి. నడుంలో దోపుకున్న కొబ్బరిముక్క తినేశానండి. పథ్యం తప్పేనండి. మీరు ముందే చెప్పేరు, మందు విషమైపోద్దని. అందుకే మునిగిపోయేనండి. దిబ్బ పోయిందంటే నా వల్లేనండి."

తల్లి కళ్ళొత్తుకుంటూ "సెమించండి బాబూ, ఆకలికి ఆగలేకపోయేడు" అంది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. అరుగు మీద ఊరివాళ్ళు నలుగురున్నారు. నేను "సర్లే, ఇకనైనా జాగ్రత్తగా ఉండు" అన్నాను. వాడు వంగి నేలకి దణ్ణం పెట్టాడు. వాణ్ణి ముంచింది చాలక, వాడి చేత క్షమాపణ చెప్పించుకుని, దయతో మన్నించాను! ఇంతకంటే నీచమైన పని నేను జన్మలో చెయ్యలేదు.

ఆ పూట మా ఆవిడ నాకు వడ్డించి తను తినకుండా లేచిపోయింది. తరవాత కూడా ఎన్నడూ ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే పోట్లాడుకుని మరిచిపోయేవాళ్ళమేమో.

ఇక నా పేరు సంగతి. కొబ్బరిముక్కంత పథ్యం తప్పితే ఏరు మింగబోయిందట, అంత నిఖార్సైన మందు అని చెప్పుకున్నారు. కొత్తపేట నుంచి, కాట్రేనికోన నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. మా నాన్నగారి పేరు ఎత్తేవాడు లేకుండా పోయాడు. నేను కోరుకున్నది అక్షరాలా జరిగింది. ఆ కూడే పాతికేళ్ళు తిన్నాను.

ఏడేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, మనిషినెవరినీ వెంట తీసుకోకుండా పాలెం వెళ్ళాను. చెప్పేయాలని. వాడు నావ నీడన కూర్చుని ఉన్నాడు. ముందు అన్నం, పక్కన చిన్న ముంతలో పులుసు. మనిషి ఎండి కట్టెపుల్లలా ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకి తలెత్తి చూసి, గభాలున కంచాన్ని వల కిందకి తోసి పైన కప్పేశాడు.

"ఏం లేదండి, ఊరికే గంజండి" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

ముప్పై రెండేళ్ళ మనిషి. ఒకప్పుడు ఊరు ఊరంతా కొసరి కొసరి పెట్టిన మనిషి. నన్ను చూసి అన్నం దాచుకున్నాడు.

నేను ఇసుకలో వాడి ఎదురుగా కూలబడ్డాను. అంతా చెప్పాను. నీకు జబ్బన్నది లేనే లేదని, అంత ఈదేవాడికి అంత తిండీ కావాలని, గ్రంథంలో పెట్టమని ఉంటే నేనే పెట్టనివ్వలేదని, వణుకు చూసి కూడా ఊరుకున్నానని, కొబ్బరిముక్క వల్ల ఏమీ కాలేదని, దిబ్బ పోగొట్టింది నేనని. వాడు చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. విని, జాలిగా నవ్వాడు.

"మీరు పెద్దమనసుతో అంటున్నారండి. నా బాధ పోవాలని" అన్నాడు. "తప్పు నాదేనండి. అప్పట్నించీ మీ మాట దాటలేదండి. పూటకి ఇంతేనండి" అని చేత్తో కొలత చూపించాడు.

"తిను" అన్నాను. "నా ఎదురుగా తిను. కడుపునిండా తిను."

"ఆయ్" అని, వల కింద నుంచి కంచం ఇవతలికి లాగాడు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నా మొహం చూస్తూ నమిలి మింగాడు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇంకోటి తినొచ్చాండీ?" అని అడిగాడు.